గోదావరీ మండలమునఁ బథికుల పానీయము

గోదావరీ మండలము జలసమృద్ధమైన దేశము. ధవళేశ్వరమునకు దిగువ నది గౌతమి, వసిష్ఠ యను రెండు శాఖలుగాఁ జీలును. వసిష్ఠనుండి వైనతేయము వేఱుపడును. వీనికిఁ దోడు 19వ శతాబ్దినుండి కాలువలు పొలముపొలమునకుఁ బాఱుచున్నవి. ఇట్టిచోటఁ బథికునకు దప్పి తీఱుట యొక చరిత్రాంశ మగునా యని సందేహము పుట్టవచ్చును. అయినను నీటికిఁ గఱవు లేని యీ దేశముననే యా చరిత్ర స్పష్టముగాఁ గనఁబడును. ఏలయన నిచట నీరు దొరకుట చిక్కు కాదు. ఆ నీటి నెవ్వరు పోయవలెను, దేనిలోఁ బోయవలెను, త్రాగువాఁ డెచట నిలువవలెను అనునవియే యిచటి చిక్కులు.

నేఁడు రాజమహేంద్రవరమున రైలు దిగినవాఁడును, రావులపాలెమున బస్సు మాఱువాఁడును మొట్టమొదట వెదకునది వేఁడి టీ. అపరాహ్ణమున మూఁడు నాలుగు గంటలవేళఁ బనివారు పని నిలిపి టీకొట్టు చేరుట యీ సీమలో నెల్లెడలఁ జూడనగును. ఈ యాచారము సనాతనమైనట్లు తోఁచును గాని, మన ప్రాచీనకావ్యములలోని పథికుఁ డెవ్వఁడును దీని నెఱుంగఁడు. ఆ పథికుఁడు దోసిటఁ ద్రావెను. పూఁటకూటియింటి పథికుఁడు విస్తరిలో భుజించెను. ఇప్పటివాఁడు పరులు త్రావిన పాత్రలోఁ ద్రావుచున్నాఁడు. దోసిలి, విస్తరి, పాత్ర అను నీ మూఁటిని వరుసగాఁ బరిశీలించినచో నీ మండలమున సంఘము మాఱిన తెఱఁగును, మాఱక నిలిచిన తెఱఁగును గూడఁ దెలియును.

దోసిలి

పథికులకు వేసవిలో నీరొసఁగు పందిరిని సంస్కృతమునఁ బ్రప యందురు. తెలుఁగునఁ జలిపందిరి, చలివెందర, చలివేంద్రము అను పేళ్ళు గలవు. అచట నీరు పోయు స్త్రీ ప్రపాపాలిక. ఈమె భారతీయకవులకుఁ జిరపరిచిత. ఆంధ్రదేశము నేలిన శాతవాహనులలోని హాలుని పేరఁ బరఁగు గాథాసప్తశతిలో నీమెను గూర్చిన గాథ యొకటి ప్రసిద్ధము. పథికుఁడు కన్నులెత్తి యామెను జూచుచు నీరు జాఱిపోవునట్లు వ్రేళ్ళను సడలించును. ఆమెయు నతని తలఁపు గ్రహించి ధారను సన్నము చేయును. ఆలంకారికులు దీని యందలి శృంగారమును మెచ్చికొనిరి. చరిత్రపరిశోధకున కిందు మఱియొక విశేషము గలదు. పోయు పాత్ర యామె చేతనున్నది. త్రాగు పాత్ర లేనేలేదు. పథికుని దోసిలియే పాత్ర. ధార యెంత సన్నమైనను, చూపు లెంత కలసినను, దోసిటికిని బాత్రకును నడుమ నెడము నిలిచియే యున్నది.

ఈ యెడమునకు రెండర్థములు గలవు. మొదటిది ఔదార్యము. దోసిలి యెల్లరకును గలదు గావున, చేత నే పాత్రయు లేని నిఱుపేదయు దప్పి తీర్చికొనఁగలఁడు. రెండవది నిషేధము. పెదవి సోఁకిన పాత్ర యెంగిలి. ఒకరి యెంగిలి మఱియొకరికిఁ బనికిరాదు. దోసిట నీరు పోసినచో నెంగిలి యను ప్రశ్నయే పుట్టదు. కావున నొక్క ధారయే దాతకుఁ బుణ్యమును సంపాదించి పెట్టును, పాత్రకు నంటును దప్పించును. నిమ్నకులములుగా నెంచఁబడినవారికి మఱింత యెడముగా నిలిచి పోయుటయు నీ పద్ధతిలోఁ గష్టము లేకయే సాగెను. దానము వెలను గోరదు. కాని పుచ్చుకొనువాని కులమును మాత్ర మడుగకుండ నుండదు.

ఈ యడుగుటను మానిన దానమును నాంధ్రదేశమున లేకపోలేదు. గోదావరీ మండలమునకు దక్షిణమునఁ గృష్ణాతీరమున, మందడము చెంతనున్న మల్కాపురమున, శాలివాహనశకము 1183, అనఁగా క్రీ. శ. 1261 నాఁటి శాసన మొకటి గలదు. అది కాకతీయ రుద్రమదేవి కాలమునాఁటిది. గోళకీమఠాచార్యుఁడైన విశ్వేశ్వరశివుఁడు తనకు లభించిన గ్రామముల యాదాయముతో మఠమును, విద్యాశాలను, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, అన్నసత్రమును నెలకొల్పెను. ఆ సత్రమున బ్రాహ్మణుఁడు మొదలు చండాలునివఱకు వచ్చినవారి కెల్లరకు నన్నము పెట్టవలెనని యా శాసనము విధించుచున్నది. పెట్టుట వేఱు, సరసనఁ గూర్చుండఁబెట్టుట వేఱు అను భేదమును మఱువరాదు. అయినను నాఁకలికిఁ గులము లేదను మాట ఱాతిమీఁదఁ జెక్కఁబడినదనుట సామాన్యవిషయము గాదు. తరువాతి కాలపు సత్రములలోఁ బెక్కు లీ విధికి దూరమయ్యెను. ఒక్కొక్క కులమున కొక్కొక్కటిగా నేర్పడినవి కొన్ని, ద్విజులకు మాత్రమే యన్నము పెట్టినవి కొన్ని.

పథికుఁడు సంపన్నుఁడైనచో నీ యేర్పాటులతో వానికిఁ బనిలేదు. ఏనుఁగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మదరాసు విడిచి కాశికేఁగి, మరలివచ్చునపుడు కలకత్తా, జగన్నాథము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరముల మీఁదుగా నడచి 1831 సెప్టెంబరున నిల్లు చేరెను. ఆయన లేఖలరూపమున వ్రాసిన కాశీయాత్రచరిత్ర 1838లో ముద్రితమైనది. ఏ మజిలీలో నీరు మంచిది, ఏ యూర వస్తువులు దొరకును, ఎచట దిగుటకు వసతి గలదు అను విషయముల నందు దినదినమునకు వ్రాసికొనెను. పెద్ద పరివారముతోఁ బయనించిన యట్టివాఁడు తన వంటయింటినిఁ దనతోఁ గొనిపోయినవాఁడే. పేదవాఁడు చద్దిమూటయో యటుకులమూటయో కట్టుకొనెను. అంతర మెంతయున్నను, పరుల పాత్ర ముట్టకుండుట యిరువురకును సమానమే.

ఈ దానయుగమునకుఁ దుదిదీప మని చెప్పఁదగినది డొక్కా సీతమ్మ. ఆమె 1841లో మండపేటలో జనించి, లంకలగన్నవరపు డొక్కా జోగన్నకు భార్యయై, 1909వఱకు జీవించెను. లంకలగన్నవరము నదీశాఖల నడుమ నున్న యూరు. రేవు దాఁటవలసినవారును, అంతర్వేది తీర్థమునకుఁ బోవువారును నచట నిలిచెడివారు. వరద వచ్చిన రాత్రి పడవ కట్టదు. చీఁకటిలో నొడ్డునఁ జిక్కినవాని కన్నము పెట్టు నిల్లొక్కటియే దిక్కు. ఆమె యొకమాఱు తానే యంతర్వేదికి బయలుదేఱి, ఆఁకలిగొన్న పెండ్లివారు తన యింటికి రానున్నారని దారిలో విని, దేవుని దర్శింపకయే వెనుకకు మరలినదని యైతిహ్యము. జాతిభేదము పాటింపక పెట్టినదని యామెకుఁ బ్రసిద్ధి. గన్నవరమున వైనతేయముపైఁ గట్టిన క్రొత్త యక్విడక్టున కామె పేరే పెట్టిరి. 2024లో నాంధ్రప్రదేశ్ ప్రభుత్వము పాఠశాలల మధ్యాహ్నభోజన పథకమునకు నామె పేరు పెట్టినది.

విస్తరి

దాత లేనిచోటఁ బథికుఁ డన్నమును గొనవలసివచ్చెను. అన్నవిక్రయము పాపమని పెద్దలు చెప్పినను నది యాగలేదు. పూఁటకూటియిల్లు తెలుఁగునాఁటఁ బ్రాచీనమైనది. క్రీడాభిరామమున మంచనశర్మయు, టిట్టిభసెట్టియు నోరుగంటి వీథులఁ దిరిగి పూఁటకూటియింట భుజించుట యెల్లరకుఁ దెలిసినదే; ఒక్క రూకకు నచట లభించు భోజ్యముల పట్టికను గవి రుచిగా వర్ణించినాఁడు. కూడు అను మాటకు బహువచనము కూళ్ళు. పూఁటకూళ్ళనఁగాఁ బూఁటపూఁటకు వెలకుఁ బెట్టు కూడు. బస యిందు ముఖ్యము కాదు; పూఁటయే ముఖ్యము.

నవ్యసాహిత్యమున నీ వృత్తికిఁ జిరస్థానము కల్పించినది గురజాడ అప్పారావు కన్యాశుల్కము. 1892లోఁ బ్రదర్శింపఁబడి, 1897లోను, మార్పులతో 1909లోను ముద్రితమైన యా నాటకమున విజయనగరపుఁ బూఁటకూళ్ళమ్మ యొక పాత్ర. ఆమెకు నాటకమున వేఱు పేరు లేదు, వృత్తియే పేరు. పతిని గోల్పోయి, పుట్టినింట నాదరము లేక, పునర్వివాహమునకు సంఘ మంగీకరింపని కాలమున బ్రాహ్మణవితంతువునకు వంటచేయి యొక్కటియే జీవనాధార మయ్యెను. కందుకూరి వీరేశలింగము రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదిన. ఆ వివాహపక్షమువారికి సంఘము విధించిన శిక్ష వెలి. వెలి యనఁగా నేమి? వారి పంక్తిని భుజింపకుండుట, వారియింట నీరు త్రావకుండుట. సంఘశాసనమంతయు విస్తరిలోను, చెంబులోను నుండెననుట కిది చాలును.

పూఁటకూటియింటఁ బెట్టునది యన్నము. అన్నము వండిన చేతి కులమును దినువాఁ డడుగును. తినువాని కులమును వండినవా రడుగుదురు. కావున వెల యిచ్చినంతమాత్రన నెవ్వఁడైనను లోపలికిఁ బోవుట కవకాశము లేదు. అయిన నిచట నొక సౌకర్యము గలదు. భోజనానంతరము విస్తరి పాఱవేయఁబడును. ఒకని యెంగిలి మఱియొకనికిఁ జేరదు. దోసిలివలెనే విస్తరియు నా ప్రశ్నను దాఁటవేసినదే కాని తీర్చినది కాదు.

ఈ కాలముననే యీ మండలమునఁ బ్రయాణపద్ధతి మాఱెను. ఆర్థరు కాటను యేర్పాటున 1847లోఁ బ్రారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టతోఁ గాలువలు వెలసెను. అవి పొలములకు నీరిచ్చుటయే కాక పడవలకు దారులయ్యెను. ఏలూరుకాలువ గోదావరికిని గృష్ణకును బొత్తు కలిపెను. గూటిపడవలో జనులు రేయింబవళ్ళు ప్రయాణము చేయఁగా, గట్టుమీఁదఁ ద్రాడు భుజమున వేసికొని మనుష్యులు పడవను లాగెడివారు. లాకులచెంతఁ బడవ నిలువవలెను. నిలిచినచోట నాఁకలి పుట్టును. ఆఁకలి పుట్టినచోట నంగడి వెలయును. మొక్కపాటి నరసింహశాస్త్రి బారిష్టరు పార్వతీశము మొదటిభాగము 1924లో వెలువడెను. అందలి కథానాయకుఁడు సీమచదువునకై మొగలితుర్రునుండి బయలుదేఱి, కాలువపడవలో నిడదవోలు చేరి, యచట మదరాసు రైలెక్కును. ఆ యొక్క ప్రయాణమున రెండు యుగములు కలసియున్నవి. పడవలో మూట విప్పి తినుటకు వేళ యున్నది, రైలులో లేదు.

ఫలహారము

తూర్పుతీరపు రైలుమార్గము 1890 దశాబ్దమున నీ మండలమునకు వచ్చెను. రాజమహేంద్రవరముకడ గోదావరిపైఁ గట్టిన హేవలాకు వంతెన 1897 నవంబరునఁ బ్రారంభమై 1900 ఆగస్టునఁ దెఱవఁబడెను. అంతవఱకు బండి యొక యొడ్డున నిలువఁగాఁ బ్రయాణికులు నదిని దాఁటి రెండవ యొడ్డున మరల బండి నెక్కవలసియుండెను. వంతెన వచ్చిన పిమ్మట నాలస్యము పోయెను. దానితోఁబాటు విశ్రాంతియుఁ బోయెను. స్టేషనులోఁ గొన్ని నిమిషములే బండి యాగును. ఆ నిమిషములలో స్నానము చేసి మడిగట్టి విస్తరి ముందు గూర్చుండుట సాధ్యము కాదు.

ఇట్టి తఱిఁ దెలుఁగువారి యాచారమును గాపాడినది, మఱియొక దృష్టిలో దానిని మార్చినది, ఒక పదము. అది ఫలహారము. ఫలముల నాహారముగాఁ గొనుట దాని మొదటి యర్థము. ఉపవాసదినములం దన్నము మాని పుచ్చుకొను దానికిఁ బేరై, క్రమముగా నుప్పుపిండి, అట్టు, ఇడ్డెన మున్నగువాని కెల్ల నదియే పేరయ్యెను. ఇందు ఫలము లేదు. అన్నము గాకుండుటయే దీని లక్షణము. నీటితో వండిన యన్నము విషయమున నాచారవంతులు చూపు కట్టడి ఫలహారము విషయమున నంతగాఁ జూపరు. ఈ చిన్న సందు ద్వారమయ్యెను. పూఁటకూటియింట నన్యకులజుని చేతి యన్నము ముట్టనివాఁడు ఫలహారశాలలో నట్టు తినుటకుఁ బెద్దగా సంకోచింపలేదు. ఆంగ్లేయుల నోటినుండి వచ్చిన టిఫిను అను మాటకుఁ దెలుఁగు పలుకుబడిలో స్థానము కల్పించినదియు నీ పదమే. కోనసీమలో నంబాజీపేట పేరు చెప్పఁగానే తలఁపునకు వచ్చు పొట్టిక్కలను జూడుఁడు: పనసాకులతోఁ గుట్టిన బుట్టలో నిడ్డెనపుఁ బిండి పోసి యావిరిపై నుడికింతురు. వండు పాత్రయు, వడ్డించు పాత్రయు నాకే. తినుట ముగియఁగానే పాఱవేయవచ్చును.

కాఫీ యీ ఫలహారమునకుఁ దోడై వచ్చెను. కన్నడదేశపుఁ గొండలలో బాబాబుడను పేరుతో ముడివడిన కాఫీతోఁట 17వ శతాబ్దినాఁటిదని ప్రతీతి. పానముగా నది 19వ శతాబ్ది చివర నఱవదేశపు బ్రాహ్మణగృహములఁ జొచ్చి, 20వ శతాబ్ది తొలిదశాబ్దులలోఁ దెలుఁగు పట్టణములకు వ్యాపించెను. రాజమహేంద్రవరము, కాకినాడ, నరసాపురము, భీమవరము, అమలాపురములఁ గాఫీహోటళ్ళు వెలసెను. వెనుకటి కాలపువా రాక్షేపించిరి. దానిపైఁ బరిహాసపద్యములు, దండకములు పుట్టెను. ఆక్షేపించినవారి యిండ్లలోనే యుదయమునఁ గాఫీ కాఁగుచుండెను.

ఇఁక టీ వచ్చిన దారి దీర్ఘతరము. ఈ మండలమున నింజరము, మాధవాయపాలెము రేవులఁ దెలుఁగునేఁతగాండ్ర వస్త్రములఁ గొనిన యాంగ్లేయకంపెనీయే చీనా తేయాకు వ్యాపారమునకు 1833వఱకు నేకాధికారిణి. గోదావరీతీరపు మగ్గమును, లండను నగరపుఁ దేనీటిపాత్రయు నొక్క వర్తకుని లెక్కలపుస్తకములోఁ జేరియుండెను. ఇంగ్లండునఁ దేనీటితోడి యపరాహ్ణోపాహారము 1840 ప్రాంతమున బెడ్‌ఫర్డు డచ్చెసుచేఁ బ్రసిద్ధమైన దందురు. అది తీఱికగలవారి వినోదము. దానిని మన దేశమునకుఁ దెచ్చిన దొరలు తమ బంగళాలలోను, రైలుస్టేషనులలోఁ దమకై ప్రత్యేకింపఁబడిన గదులలోను దానిని బాటించిరి. అస్సాము తేయాకు తొలుతగా లండనున 1839లో వేలము వేయఁబడెను. తరువాతఁ దోఁటలు పెరుఁగఁగా, వానిలోఁ బనిచేయుట కుత్తరసర్కారుల జిల్లాలనుండియుఁ గూలీలు పోయిరి. కాని యాకు కోసిన కూలివాఁ డా పానమును జాలకాలము రుచి చూడలేదు. ఏలయన నది పరదేశమునకే పోవుచుండెను.

1903లో భారతప్రభుత్వము తేయాకుపై సెస్సు విధించి, యా ధనముతో స్వదేశమునఁ దేయాకును బ్రచారము చేయింప మొదలిడెను. 1937లో నా పని భారత తేయాకు విక్రయవిస్తరణ మండలికిఁ జేరెను. వారి మనుష్యులు సంతలలోను, తీర్థములలోను, రైలుస్టేషనులలోను టీ కాఁచి త్రాపుచు, కాఁచు విధమును నేర్పుచుఁ దిరిగిరి. ఆరోగ్యదృష్టితో గాంధీమహాత్ముఁడు కాఫీ తేనీరులను నిరాకరించినను వ్యాప్తి యాగలేదు. కాఫీకంటె టీ చవుక. అందుచేతఁ గాఫీ యగ్రకులముల పానమనియు, టీ శ్రామికుల పానమనియు దక్షిణదేశమున నొక విభాగ మేర్పడెను. గోదావరీ మండలమునఁ బాకహోటళ్ళు, కాకాహోటళ్ళు, రేవుగట్టు బడ్డీలు టీకి నిలయములయ్యెను. ఇంగ్లండునఁ దీఱికగలవారి వినోదమైన యపరాహ్ణపానము డెల్టాలోఁ దీఱిక లేనివారి యూఱట యయ్యెను. నాట్లువేయు కూలీలకుఁ బొలముగట్టునకు టీ పంపుట నేఁడిచట సామాన్యము.

పాత్ర

దోసిటఁ బోయఁదగనిది, ఆకునఁ బట్టనిది యీ వేఁడి పానము. దానికి లోహపుదో, పింగాణిదో, గాజుదో పాత్ర కావలెను. ఆ పాత్రను బాఱవేయుట సాధ్యము కాదు. కడిగి మఱియొకని కీయవలెను. ఇంతకాలము దోసిలియు విస్తరియు దాఁటవేసిన ప్రశ్న యిచటఁ దప్పనిసరియై నిలిచెను: ఒకని పెదవి సోఁకిన పాత్ర మఱియొకనికిఁ జెల్లునా?

సంఘము దీనికి మూఁడు విధములఁ బ్రత్యుత్తర మిచ్చెను. మొదటిది త్రాగువాని నేర్పు. పాత్ర నెత్తిపట్టి, పెదవి కంటకుండ, గొంతులోఁ బోసికొనుట. వేఁడి కాఫీ నిట్లు పోసికొనుట కష్టము గావునఁ జల్లార్చుకొనుటకు వేఱొక గిన్నె యుపయుక్తమయ్యెను. రెండవది పలక. బ్రాహ్మణ కాఫీహోటలు అను నక్షరములు వాకిటఁ గట్టి, లోపల బ్రాహ్మణులకుఁ, బయట నితరులకు స్థలము లేర్పఱచిరి. భారతదేశపు రైలుస్టేషనులలో నీరుసైతము హిందువుల నీరు, మహమ్మదీయుల నీరు అని వేఱయ్యెను. మూఁడవదియు, నన్నింటఁ గఠినమైనదియు, వేఱు గ్లాసు. మాలమాదిగ వాడలనుండి వచ్చినవానికిఁ గొబ్బరిచిప్పలోనో తాటాకుదొప్పలోనో పోసిరి. లేక యొక గ్లాసును జూరుక్రింద వేఱుగా నుంచిరి. వాఁడు దానిని దానే తీసికొని, నేలఁ గూర్చుండి త్రావి, తానే కడిగి, యథాస్థానమున నుంచవలెను. వాని కాసు మాత్ర మితరుల కాసులతోఁ గలసి యొకే పెట్టెలోఁ బడెను.

ఇచట దానమునకును విక్రయమునకునుఁ గల పోలిక విచారణీయము. విక్రయము వెలను మాత్రమే యడుగును, కులము నడుగదు అని తలఁచుట సహజము. చిన్న సందుద్వారా ఫలహారశాల పంక్తిభేదమును గొంత సడలించిన మాటయు నిజము. వేఱు వేఱు శాఖలవారు, వేఱు వేఱు కులములవారు నొకే బల్లపైఁ గూర్చుండి కాఫీ త్రావుట 1850లో నూహకందదు. శతాబ్దము తిరుగునప్పటికి నది పట్టణములఁ గ్రొత్తగాఁ దోఁపలేదు. కాని యా సడలింపు వాడ పొలిమేరకడ నాగిపోయెను. కాసు పుచ్చుకొన్న చేయియే గ్లాసును వేఱుచేసెను.

ఈ యన్యాయమును గుఱించి యీ మండలముననే గొంతెత్తినవారు గలరు. రాజమహేంద్రవరపుఁ గవి కుసుమ ధర్మన్న, గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనమును నిరసించిన పాటకు దీటుగా, నల్లదొరతనము వలదని చాటెను. పరదేశీయుల యధికారము పోవుట యొక్కటియే చాలదు, స్వదేశీయుల యధికారముక్రింద నలఁగువారి మాటయేమి యని యాతని ప్రశ్న. 1933 డిసెంబరున గాంధీమహాత్ముఁడు హరిజనయాత్రలో నాంధ్రదేశమునఁ బర్యటించెను. ఆలయములను, బావులను గూర్చిన చర్చ యప్పుడు బలపడెను. బావి యూరికొక్కటి, టీగ్లాసు వీథికొక్కటి. కావునఁ బోరాటము వీథివఱకు దిగవలసివచ్చెను.

1950 జనవరి 26న నమలులోనికి వచ్చిన రాజ్యాంగముయొక్క 15వ యధికరణము అంగళ్ళలోను, సార్వజనిక భోజనశాలలలోను, హోటళ్ళలోను గులమతాదులఁబట్టి ప్రవేశము నిరోధింపరాదని శాసించెను. 17వ యధికరణ మంటరానితనమును రద్దుచేసెను. 1955 నాఁటి యస్పృశ్యతానేరముల చట్టము మఱొక యడుగు ముందునకు వేసెను. హోటలులోఁ బ్రవేశమును జెప్పి యూరకొనక, హోటళ్ళలోను, ధర్మశాలలలోను, సరాయిలలోను జనసామాన్యముకొఱ కుంచిన పాత్రల నుపయోగింపనీయకుండుట సైతము నేరమని పేరుపెట్టి చెప్పెను. 1976లో నీ చట్టమే పౌరహక్కుల పరిరక్షణచట్టముగా మాఱెను. శాసనకర్తలు పాత్రను బ్రత్యేకముగాఁ బేర్కొనుట యాకస్మికము గాదు. ద్వారము తెఱచినంత మాత్రనఁ జాలదని, గ్లాసుకడనే యసలు చిక్కు గలదని వా రెఱుఁగుదురు.

చట్టము వచ్చినను జూరుక్రింది గ్లాసు వెంటనే పోలేదు. ఆంధ్రప్రదేశమున నంటరానితనమును విచారించిన జస్టిస్ పున్నయ్య కమిషను 2001లో నివేదిక సమర్పించినప్పటికిని రెండుగ్లాసుల పద్ధతి గ్రామములలోఁ గానవచ్చుచునే యుండెను. అర్ధశతాబ్ది దాఁటిన చట్టమొక ప్రక్క, చూరుక్రింది గ్లాసు మఱియొక ప్రక్క నిలిచి యుండెనని భావము.

పిమ్మట వచ్చినది కాగితపుఁ గప్పు. పడవలు పోయి, 1974లో కొవ్వూరునకును రాజమహేంద్రవరమునకును నడుమ రోడ్డును రైలును గల వంతెన వచ్చి, ప్రయాణము త్వరపడినకొలఁది, త్రావి పాఱవేయు కప్పు టీకొట్లను నిండించినది. ఇందు శుచియు సౌకర్యమును గలవు. ఎల్లరకు నొకే విధమగు కప్పు. వేఱు గ్లాసునకు నవకాశము తక్కువ. దీనినిఁ జూచి సమస్య తీఱినదని యానందించువారు గలరు. కాని మన చరిత్రక్రమమునఁ గాగితపుఁ గప్పు విస్తరికిఁ దమ్ముఁడు. అదియు నెంగిలిప్రశ్నను దాఁటవేయునదే. పాత్రను బంచుకొనవలసిన యగత్యమునే తొలఁగించినచోఁ బంచుకొనుటకు మనసొప్పినదో లేదో తెలియుట యెట్లు?

కాఁబట్టి యీ మండలపుఁ బథికపానచరిత్రమునఁ బరీక్ష గాజుగ్లాసుకడనే జరిగెను. దోసిలి దయను జూపినది. విస్తరి వెలను నిర్ణయించినది. గ్లాసు మాత్రమే సమత్వము నడిగినది. మల్కాపురశాసనము బ్రాహ్మణుఁడు మొదలు చండాలునివఱకు నన్నము పెట్టుమని 1261లోఁ జెప్పెను. 1955 నాఁటి చట్టము వారి కెల్లరకు నొకే పాత్ర నిమ్మని చెప్పెను. ఈ రెండు వాక్యముల నడుమఁ గల దూర మేడువందల యేండ్లకు రమారమి. రేవుగట్టున సాయంకాలపు టీకొట్టుకడ, కడిగి బోరగించిన గ్లాసులలో నేదో యొకదానిని, ఇది యెవ్వరిదని యడుగక తీసికొను చేయి, ఆ దూరమును నడచి వచ్చిన చేయి.